అపవాదమునకు మూడర్థములు

సంస్కృతం నుండి మనకు సంక్రమించిన మాటలలో కొన్ని ఊరిలో ఒక వేషంతోను, బడిలో ఒక వేషంతోను, మఠంలో మరియొక వేషంతోను సంచరిస్తుంటవి. ‘అపవాదము’ అటువంటి మాట. ఊరిలో దానికి నింద అని అర్థం. జనవ్యవహారంలో అదే ‘అపవాదు’ అయినది. వ్యాకరణంలో అది సామాన్యసూత్రాన్ని తొలగించి నిలిచే ప్రత్యేకసూత్రం. వేదాంతంలో అది భ్రాంతిని తొలగించే విధానం. నిందకూ, నియమాన్ని తప్పించే విధికీ, భ్రాంతినివారణకూ ఒకే మాట ఎట్లు పేరైనదో విద్యార్థిదశలో నేను విచారింపలేదు. పరీక్షలో మూడర్థాలూ వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాను. ఆ మూడింటినీ కలిపి ఆలోచింపవలసిన అవసరం తరువాత ఒక ఉత్తరం వలన కలిగినది.

ఆ సంగతి ముప్పై ఏండ్ల క్రిందటిది. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేండ్లు నిండలేదు. ఒక చిన్న పట్టణంలో జూనియరు కళాశాల. ఒకనాటి మధ్యాహ్నం ప్రిన్సిపాలుగారు నన్ను తమ గదికి పిలిపించినారు. బల్లమీద, పొడుగు నోటుపుస్తకం నుండి చింపిన కాగితం ఒకటి మడతలు పెట్టి ఉన్నది. గోడవారగా ఒక పెద్దమనిషి నిలుచుండినాడు. కుర్చీ చూపినా కూర్చోలేదు. “మాస్టారూ, పిల్లల వ్యాసాలు దిద్దేది మీరు. ఈ దస్తూరి ఎవరిదో చెప్పగలరా?” అని ప్రిన్సిపాలుగారు అడిగినారు. కాగితం విప్పినాను. మూడవ పంక్తిలో ‘ఆశ’ అని ఉండవలసిన చోట ‘ఆష’ అని ఉన్నది. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయికి శకార షకారాల భేదం ఎన్నిసార్లు చెప్పినా పట్టుబడేది కాదు. ఆమె పుస్తకాలలో ఆ తప్పును ఎర్రసిరాతో ఎన్నిమార్లు దిద్దినానో లెక్కలేదు. “ఫలానా అమ్మాయిదేనండీ” అన్నాను. గోడవారగా ఉన్న పెద్దమనిషి తల వంచుకొన్నాడు. ఆయన ఆమె తండ్రి అని అప్పుడు తెలిసినది.

ఆ వారంలోనే హాజరుపట్టీలో ఆమె పేరుమీద గీత పడినది. టీసీ తీసికొని వెళ్లినారని, పెండ్లి కుదిర్చినారని తోటి పిల్లలు చెప్పుకొన్నారు. ఆ ఉత్తరం ఎవరి పుస్తకంలో దొరికినదో ఆ అబ్బాయి అదే తరగతిలో, అదే బల్లమీద కూర్చుండి చదువు పూర్తిచేసినాడు. మంచి మార్కులతో ఉత్తీర్ణుడైనాడు. వీడ్కోలు సభలో అధ్యాపకులందరి మెడలలో దండలు వేసినవారిలో అతడొకడు. నా మెడలోనూ వేసినాడు.

నేను చెప్పినది అబద్ధం కాదు. దస్తూరి ఆమెదే. కాని కొన్ని నెలల తరువాత, మరేదో పని చేసికొంటూ ఉండగా, ఆ ఉత్తరంలోని మొదటి మాటలు మనస్సుకు తట్టినవి. “నీవు అడిగినదానికి” అని అది ఆరంభమైనది. అనగా అది జవాబు. జవాబు ఉన్నదంటే అంతకు పూర్వమే ప్రశ్న ఉన్నది. ఆ ప్రశ్న వ్రాసిన కాగితమేది, దాని దస్తూరి ఎవరిది అని ఆ గదిలో ఒక్కరమూ అడుగలేదు. నేను అక్షరాలను గుర్తుపట్టినాను, వాక్యాన్ని చదువలేదు. తెలుగు చెప్పి జీతం పుచ్చుకొనేవానికి ఇంతకంటె పెద్ద తప్పు ఉండదు.

నాటినుండి, కావ్యంలోనైనా చరిత్రలోనైనా, ఒక ప్రణయం పదిమంది నోట పడిన ఘట్టం వచ్చినప్పుడు ఆగి మూడు ప్రశ్నలు వేసికొంటున్నాను. మాట్లాడుతున్నది ఎవరు? సమాధానం చెప్పుమని ఎవరిని నిలబెట్టినారు? ఎవరిని అసలు అడుగలేదు?

ఊరిమాట

ప్రణయానికి ఇద్దరు చాలును. అపవాదానికి మూడవ మనిషి కావలెను. ఇద్దరి నడుమ ఉన్నంతవరకు అది వారి సుఖమో దుఃఖమో అయి ఉంటుంది. మూడవవాని నోట పడిన క్షణం నుండి అది వారిది కాదు, ఊరిది. ఊరు దానిని తనకు కావలసిన రీతిగా మలచుకొంటుంది. ఈ మలచుకొనే పనిని మన కవులు చూపినంత స్పష్టంగా న్యాయశాస్త్రాలు కూడ చూపలేదేమో.

ఆదిపర్వంలోని శకుంతలోపాఖ్యానం మన విద్యార్థులకు పాఠమే. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరంలో నన్నయ తెనిగించిన ఆ కథలో ఉంగరం లేదు, దుర్వాసుడు లేడు, శాపం లేదు. ఈ విషయాన్ని తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు ఆశ్చర్యపడతారు. కణ్వుడు లేని సమయంలో దుష్యంతుడు ఆశ్రమానికి వచ్చినాడు. శకుంతలను గాంధర్వవిధిని వివాహమాడినాడు. తనకు పుట్టబోయే కుమారునికే రాజ్యం ఇవ్వవలెనని ఆమె ముందే మాట తీసికొన్నది. పరివారాన్ని పంపి పిలిపించుకొంటానని చెప్పి వెళ్లిన రాజు పంపలేదు. ఏండ్లు గడచిన పిమ్మట బిడ్డను వెంటబెట్టుకొని ఆమె నిండుకొలువులో నిలిచినది. దుష్యంతునికి అంతా జ్ఞాపకమున్నది. జ్ఞాపకముండియే, నీవెవరో నేనెరుగనన్నాడు.

ఆమె సత్యాన్ని గూర్చి, భార్యను గూర్చి, పుత్రుని గూర్చి చెప్పిన మాటలను మన పెద్దలు తరతరాలుగా కంఠస్థం చేసినారు. కాని వాటివల్ల రాజు కరగలేదన్న సంగతిని మనం అంతగా గమనింపము. ఆమె నిరాశతో మరలిపోబోతుండగా ఆకాశవాణి పలికినది. అప్పుడు రాజు సభవారితో తన మనస్సులోని మాట చెప్పినాడు: ఈ సంగతి తనకు తెలియనిది కాదు, కేవలం ఆమె మాట నమ్మి స్వీకరిస్తే లోకం శంకిస్తుందని వెనుదీసినాడు. అనగా అతనికి భయమున్నది శకుంతలను గూర్చి కాదు, లోకాపవాదాన్ని గూర్చి. తనమీదికి రాబోయే నిందను తప్పించుకొనుటకు, దానిని పదిమందిలో ఆమెమీదికి మళ్లించినాడు.

ఇక్కడ సాక్షి లేకపోలేదు. సింహాసనం మీద కూర్చుండినవాడే సాక్షి. ఆ సాక్షి నోరు విప్పకపోవుట చేతనే ఆకాశం నోరు విప్పవలసివచ్చినది. లోకంలో ఇటువంటి సభలు చాలా జరుగుతవి. ఆకాశవాణి మాత్రం ప్రతి సభకూ రాదు.

కాళిదాసు ఈ కథను నాటకంగా కూర్చినప్పుడు శాపాన్నీ ఉంగరాన్నీ చేర్చినాడు. నాయకుడు ధీరోదాత్తుడు, ఎరిగి ఎరిగి అబద్ధమాడుట నాటకానికి తగదు. కనుక రాజు మరచిపోయినాడు. మరచినవాడు దోషి కాడు. మహాకవి చేసిన మార్పులోని రసపుష్టిని కాదనువాడెవ్వడు? ఆరవ అంకంలో రాజు పడే పశ్చాత్తాపం మూలకథలో లేని ఉదాత్తత. కాని ఒక చిన్న లెక్క చూడవలెను. ఆ మరపు శాపం వల్ల వచ్చినది. ఆ శాపమెందుకు వచ్చినది? ప్రియుని ధ్యానంలో మునిగి శకుంతల అతిథిని గమనింపలేదు. కాబట్టి భారతంలో రాజు అబద్ధంగా ఉన్న దోషం నాటకంలో కన్య ఏమరుపాటుగా మారినది. భారం రాజు భుజంమీద నుండి దిగినది. దిగినది నేలమీదికి కాదు.

సీతాదేవి కథలో ఊరిమాట మరింత స్పష్టంగా వినిపిస్తుంది. వాల్మీకి ఉత్తరకాండలో, ప్రజలేమనుకొంటున్నారని రాముడడిగితే భద్రుడు అనే వాడు చెబుతాడు: వీథులలో, కూడళ్లలో, అంగళ్లలో, తోటలలో పౌరులు చెప్పుకొంటున్నారని. అక్కడ ఒక్క మనిషి పేరు లేదు. అది ఊరంతటి మాట. మరి మన పల్లెలలో ఈ కథ చెప్పుమంటే ఎవరైనా ఏమంటారు? చాకలి అన్నాడంటారు. 1963లో వచ్చిన ‘లవకుశ’ చిత్రం చూచినవారికి ఆ ఘట్టం కన్నులకు కట్టినట్లుంటుంది. వాల్మీకి చెప్పని ఆ చాకలి తరువాతి పురాణాలలో, జానపదుల నోళ్లలో వచ్చి చేరినాడు. దీనిలో ఒక విశేషమున్నది. అయోధ్యలోని అంగళ్లన్నీ కలిసి అన్న మాటకు బాధ్యులను వెదుకవలసివచ్చినప్పుడు, లోకం ఆ మాటను ఊరిలో అందరికంటె క్రింద నిలిచిన ఒక శ్రమజీవి నెత్తిన పెట్టినది. సీతపై అపవాదు వేసిన ఊరే, ఆ అపవాదు వేసినాడన్న అపవాదును చాకలిపై వేసినది. నింద ఎప్పుడూ పల్లమెరుగుతుంది.

నియమమూ, మినహాయింపూ

ఇక బడిలోని అర్థానికి వద్దాము. వ్యాకరణంలో సామాన్యసూత్రానికి ఉత్సర్గమని పేరు. దానిని అడ్డుకొనే ప్రత్యేకసూత్రం అపవాదం. ఉకారానికి అచ్చు పరమైతే సంధి నిత్యమని సామాన్యంగా చెప్పుకొంటాము. ప్రథమ తప్ప తక్కిన విభక్తులలోని ఉకారానికి మాత్రం వికల్పమని మరల విశేషించి చెబుతాము. ఉపాధ్యాయులకు తెలిసినదే, నియమం లేనిదే మినహాయింపు లేదు. మినహాయింపును చూచి నియమాన్ని తెలిసికొనవచ్చును. ఒక ఊరు ఏ ప్రవర్తనను వింతగా చెప్పుకొంటున్నదో గమనిస్తే, ఆ ఊరు నిజంగా పాటిస్తున్న నియమమేదో బయటపడుతుంది. పైకి చెప్పుకొనే నియమం ఒకటి, పాటించే నియమం ఒకటి అయినప్పుడు మరీ స్పష్టంగా బయటపడుతుంది.

దీనికి మన పొరుగున ఉన్న కేరళలో జరిగిన ఒక ఉదంతాన్ని మించిన ఉదాహరణం నాకు కనబడలేదు. 1905లో కొచ్చిరాజ్యంలో కురియేడత్తు తాత్రి అనే నంబూద్రి స్త్రీపై జరిగిన విచారణ అది. తాత్రి అనగా సావిత్రి.

నంబూద్రి కుటుంబాలలో ఆనాడు పెద్దకుమారుడు మాత్రమే స్వజాతిలో వివాహమాడేవాడు. తక్కిన సోదరులు నాయరు మొదలైన కులాల స్త్రీలతో ‘సంబంధం’ అనే పద్ధతిలో ఉండేవారు. ఆస్తి చీలిపోకుండా కాపాడే ఏర్పాటు ఇది. దీని ఫలితం నంబూద్రి ఆడపిల్లలు అనుభవించినారు. వరులు కొద్దిమంది, కన్యలు ఎక్కువమంది. ఒక్కొక్క పెద్దకుమారుడు ముగ్గురిని నలుగురిని పెండ్లాడేవాడు. ముసలివానికి పసిదాని నిచ్చుట అరుదు కాదు. పెండ్లియే లేక వృద్ధులైపోయిన కన్యలూ ఉన్నారు. ఆ స్త్రీలకు ‘అంతర్జనం’ అని పేరు, అనగా లోపలి మనిషి. బయటికి రావలసివస్తే నిలువెల్ల వస్త్రం కప్పుకొని, తాటాకుగొడుగు చాటున నడిచేవారు.

అటువంటి ఇంటిలోని స్త్రీ శీలంపై శంక కలిగితే ‘స్మార్తవిచారం’ జరిగేది. ముందు దాసిని ప్రశ్నించేవారు. అనుమానం బలపడితే ఆ స్త్రీని ఇంటినుండి వేరుచేసి ప్రత్యేకమైన శాలలో ఉంచేవారు. ఆ దినం నుండి ఆమెకు పేరు లేదు. ఆమెను ‘సాధనం’ అని వ్యవహరించేవారు. మనకు సాధనమంటే పనిముట్టు. మలయాళంలో ఆ మాటకు వస్తువు అని వాడుక. నేరం తేలకముందే, విచారణ ఆరంభంలోనే, మనిషి వస్తువైపోయినది. స్మార్తుడు గడప వెలుపల నిలిచి ప్రశ్నిస్తాడు. ఆమె తలుపు చాటున ఉండి జవాబు చెప్పవలెను. నేరం ఒప్పుకొన్న పిమ్మట ఆమెను వెలివేసి, బ్రతికి ఉండగానే అపరకర్మ జరిపి, తక్కినవారు శుద్ధిభోజనం చేసి లేచేవారు.

తాత్రి ఈ పద్ధతిని తలక్రిందులు చేసినది. నేరాన్ని కాదనలేదు. తనతో సంబంధమున్న పురుషుల పేర్లను ఒక్కొక్కటిగా, గుర్తులతో సహా చెప్పినదని ఆ విచారణను గూర్చి వ్రాసినవారు చెబుతారు. పూర్వాచారం ప్రకారం స్త్రీ పేరు చెప్పిన పురుషుడు మారుమాట లేక వెలి కావలసినదే. ఈసారి పెద్దపెద్ద పేర్లు బయటికి వచ్చుటచేత, తమ వాదం వినిపించుకొనే అవకాశాన్ని మహారాజు పురుషులకు కల్పించినాడు. ఫలితం మాత్రం మారలేదు. ఆమెతోపాటు 60 మందికి పైగా పురుషులు వెలి అయినారు. వారిలో నంబూద్రులున్నారు, అయ్యర్లున్నారు, ఆలయసేవకులైన అంబలవాసులున్నారు, నాయర్లున్నారు, పేరుమోసిన కథకళి నటులున్నారు.

ఇక్కడ నా మూడు ప్రశ్నలలో మూడవదానికి మొట్టమొదటిసారి జవాబు దొరికినది. ఎవరిని అడుగలేదో వారిని అడుగవలసిన పరిస్థితిని ఆమె కల్పించినది. పైకి చెప్పుకొన్న నియమం శుచిత్వం. నడుస్తున్న నియమం, పురుషుడు ఎచ్చటికైనా పోవచ్చును, స్త్రీ తలుపు చాటున ఉండవలెనన్నది. ఆమె అపవాదం ఆ రెండవ నియమాన్ని రాజ్యమంతటా చదివి వినిపించినది. ఈ కథకు ఒక ఐతిహ్యం కూడ చేరినది. ఇన్ని పేర్లు చెప్పిన తరువాత ఆమె ఒక ఉంగరం చూపి, ఈ ఉంగరంమీద ఉన్న పేరు కూడ చెప్పవలెనా అని అడిగినదట. వెంటనే విచారణ ఆపివేసినారట. ఇది నిజమో కల్పనమో విచారించుట మన పని కాదు. జనులు దానిని చెప్పుకొన్న తీరులో అర్థమున్నది. కాళిదాసు నాటకంలో ఉంగరం దొరికినది గనుక రాజుకు జ్ఞాపకం వచ్చినది. ఇక్కడ ఉంగరం కనబడినది గనుక విచారణకు మరపు వచ్చినది.

ఆ ఆచారాలు పోయినవి. 1930లలో వచ్చిన చట్టాలవల్ల నంబూద్రి సోదరులందరికీ స్వజాతి వివాహం ధర్మబద్ధమైనది. కాని మనిషిని వస్తువుగా ఎంచే ఆలోచన కేరళకు మాత్రం పరిమితమైనది కాదు. 1860 నాటి భారతశిక్షాస్మృతిలో 497వ సెక్షను ఉండేది. పరుని భార్యతో, ఆ భర్త సమ్మతి లేక, సంబంధం పెట్టుకొన్న పురుషునికి శిక్ష. భర్త సమ్మతి ఉంటే నేరం లేదు. భార్య సమ్మతి ప్రసక్తి నేరనిర్ణయంలో లేనే లేదు. సాధనమన్న మాట వాడకపోయినా భావమదే. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఆ సెక్షనును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. 150 ఏండ్లకు పైగా అది మన దేశంలో శాసనమై నిలిచినదని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

త్రాడూ, పామూ

మూడవది వేదాంతుల అర్థం. మసకచీకటిలో త్రాడును చూచి పాము అనుకొంటాము. లేని పామును ఉన్న త్రాటిమీద మోపుట అధ్యారోపం. దీపం తెచ్చి చూచి, ఇది పాము కాదు త్రాడే అని తెలిసికొనుట అపవాదం. అనగా ఊరివాడు నిందను మోపుటను అపవాదమంటే, వేదాంతి మోపినదానిని దించుటను అపవాదమన్నాడు. సాహిత్యం చేయవలసిన పని ఈ రెండవ అపవాదమని నా విశ్వాసం.

తాత్రి విచారణ జరిగిన ఒక తరానికి, ఆ అంతర్జనాలలోనే పుట్టిన లలితాంబికా అంతర్జనం ‘ప్రతీకారదేవత’ అనే కథ వ్రాసినది. రాత్రివేళ కథకై తడుముకొంటున్న రచయిత్రి ఎదుట తాత్రి ప్రత్యక్షమై తన కథ తానే చెబుతుంది. విచారణలో తాత్రి అడిగినవాటికి మాత్రమే జవాబు చెప్పినది. కథలో ఎవరూ అడుగని సంగతి చెప్పినది. అంతకు ముందే 1929లో వి.టి. భట్టతిరిప్పాడు వ్రాసిన నాటకం పేరు తెలుగులో చెప్పవలెనంటే ‘వంటయింటినుండి రంగస్థలానికి’ అని అవుతుంది. ఆ పేరే ఒక ఉద్యమానికి నినాదమైనది. ఒకప్పుడు చెవులు కొరుక్కొన్న సంగతి చూపరుల ఎదుట నిలిచినది. అది గుసగుసగా ఉన్నన్నాళ్లు పాము, చదివిన తరువాత త్రాడు. ఆ త్రాడు ఎవరి మెడకు ఉరి అయినదో అప్పుడు తెలిసినది.

మన తెలుగులోనూ ఇటువంటి దీపం పట్టిన ఇల్లాలొకతె ఉన్నది. 18వ శతాబ్దిలో తంజావూరునేలిన ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని అనే విదుషీమణి ‘రాధికాసాంత్వనం’ అనే శృంగారప్రబంధం వ్రాసినది. తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి చేసిన రాధ పడిన వేదన, కృష్ణుడు ఆమెను అనునయించుట అందులో వస్తువు. ఇరువదవ శతాబ్ది ఆరంభానికి ఆ కావ్యం దాదాపు మరుగుపడినది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘ఆంధ్రకవుల చరిత్ర’లో ఆమె కవితాశక్తిని మెచ్చుకొంటూనే, అందలి శృంగారం స్త్రీ నోట రాదగినది కాదని గర్హించినారు. ఆమె వేశ్య అన్నమాట ఆ గర్హణకు ఆధారమైనది. వితంతు స్త్రీలకోసం ఊరి నిందలన్నీ మోసిన మహనీయుడు, 1881లో రాజమహేంద్రవరంలో మొదటి వితంతువివాహం జరిపించి వెలికి వెరవని ధీరుడు, ఈ ఒక్కచోట ఊరి నోటితో మాట్లాడినారు. గొప్పవారికి సైతం కొన్ని గోడలు కనబడవు.

బెంగుళూరు నాగరత్నమ్మగారు ఆ గోడను చూచినది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి మందిరం కట్టించిన ఆ విదుషీమణియే, వ్రాతప్రతిని సంపాదించి పరిష్కరించి, 1910లో మదరాసులో వావిళ్లవారిచేత ‘రాధికాసాంత్వనాన్ని’ అచ్చువేయించినది. పురుషకవులు ఇంతకంటె ముందుకు పోయి వ్రాసినవి పండితులు తలదాల్చగా, ఒక స్త్రీ వ్రాసినదే అసభ్యమెట్లైనదని ఆమె ప్రశ్న. మరుసటి సంవత్సరమే ప్రభుత్వం గ్రంథాన్ని నిషేధించినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు ప్రధాని అయిన తరువాత గాని ఆ నిషేధం తొలగలేదు. వావిళ్లవారు 1952లో దానిని మరల ముద్రించినారు. నాగరత్నమ్మగారు కీర్తిశేషులైనది ఆ సంవత్సరమే. సుమారు 35 ఏండ్లపాటు ఒక కావ్యం చదువకుండానే నిందింపబడినది. నిందించినవారిలో చాలమంది దానిని చదివి ఉండరు. ఒక పుస్తకంమీద పడిన అపవాదుకూ, ఒక మనిషిమీద పడిన అపవాదుకూ ఇంతకంటె భేదం లేదు. రెండుచోట్లా చదువక చెప్పిన తీర్పే.

ఈ మాట చదువరులకు ఒక సందేహం కలిగించవచ్చును. అపవాదులన్నీ అబద్ధాలేనా, తప్పు చేసినవారు లేరా అని. ఉన్నారు. మోసం ఉన్నది, బలవంతం ఉన్నది, పెద్దరికాన్ని అడ్డుపెట్టుకొని పసివారిని వంచించుట ఉన్నది. వాటిని కప్పిపుచ్చుమని నేను చెప్పుట లేదు. విచారణ జరుగవలసిన చోట శాస్త్రప్రకారం జరుగవలెను. కాని అపవాదం విచారణ కాదు. విచారణలో ఇద్దరినీ అడుగుతారు. అపవాదంలో ఒకరినే చూపుతారు. విచారణకు ఒకనాడు ముగింపు ఉన్నది, అపవాదానికి లేదు. నిజమైన దోషి తప్పించుకొనుటకు ఊరిమాటను మించిన చాటు మరొకటి లేదని దుష్యంతుని సభ చెబుతున్నది.

ఈనాడు చింపిన కాగితం స్థానంలో సెల్‌ఫోను వచ్చినది. ఒక పిల్ల తీయించుకొన్న ఫొటోయో, వ్రాసిన నాలుగు మాటలో సాయంకాలానికి ఊరంతా చూస్తుంది. భద్రుడు వీథి వీథి తిరిగి విని వచ్చి చెప్పవలసిన అవసరం లేదు. అంగళ్లూ కూడళ్లూ అన్నీ మన అరచేతిలోకి వచ్చినవి. కాని ఉపాధ్యాయుల గదిలోకి ఆ సంగతి వచ్చే తీరు మారలేదు. “చూడండి మాస్టారూ, ఇది ఆ అమ్మాయిదే కదా?” అని ఎవరో ఒకరు చూపుతూనే ఉన్నారు. చూడగానే జవాబు చెప్పుట నేను మానుకొన్నాను. దీనిని తీసినది ఎవరు, పంపినది ఎవరు, ఆ అమ్మాయికి ఈ సంగతి తెలియునా, మొదట అడిగినదెవరు అని తిరిగి అడుగుతున్నాను. ఒకటి రెండుసార్లు ఆ ప్రశ్నలవల్ల హాజరుపట్టీమీద గీత పడకుండా ఆగినది. అన్నిసార్లూ ఆగలేదు.

తరగతిలో శకుంతలోపాఖ్యానం చెప్పవలసివచ్చిన ప్రతి ఏటా పిల్లలకు ఒక పని ఇస్తాను. కొలువులో ఎవరెవరున్నారో పట్టిక వ్రాయుమంటాను. రాజు, మంత్రులు, పురోహితులు, పౌరులు, శకుంతల, బాలుడు అని వ్రాస్తారు. వీరిలో ఎవరు ప్రశ్నింపబడినారో వారి పేరుక్రింద గీత గీయుమంటాను. ఎప్పుడూ ఒక్క పేరు క్రిందనే గీత పడుతుంది. మొన్నటి ఏడు వెనుకబల్లమీది అమ్మాయి ఒకతె లేచి, “సార్, రాజునెవరూ అడుగలేదేం?” అన్నది. తరగతి నవ్వినది. నేను నవ్వలేదు. ఆ ప్రశ్నను నల్లబల్లమీద వ్రాసి, తరువాతి గంటవరకు చెరపవద్దని చెప్పినాను.

ముప్పై ఏండ్ల క్రిందటి ఆ విద్యార్థిని ఇప్పుడు ఎక్కడున్నదో నాకు తెలియదు. ఆమె పిల్లలు కూడ ఏదో ఒక తరగతిలో కూర్చుండి తెలుగు చదువుకొని ఉంటారు. ఏ పుస్తకంలోనైనా ‘ఆష’ అని కనబడినప్పుడు ఎర్రకలం ఒక క్షణం ఆగుతుంది. తప్పు తప్పే గనుక దిద్దుతాను. దిద్దిన పిమ్మట, ఆ వాక్యాన్ని మొదటినుండి చివరిదాక మరల ఒకసారి చదువుతాను.